బ్లూ నోట్ జాజ్ రికార్డులు: ఒరిజినలా, జపాన్ ప్రెస్సింగా, కొత్త రీఇష్యూనా?

అమెరికా జాజ్ కంపెనీ బ్లూ నోట్ పాత ఆల్బమ్‌లను వినడానికే కొంటున్నట్టయితే కొత్త రీఇష్యూయే, అంటే ఈమధ్య మళ్లీ అచ్చేసిన రికార్డే మేలు. బ్లూ నోట్ 2019లో మొదలుపెట్టిన టోన్ పోయెట్ సిరీస్ గానీ, దానికంటే చవకగా దొరికే క్లాసిక్ వినైల్ సిరీస్ గానీ తీసుకోండి. 1966కు ముందు అమెరికాలో అచ్చయిన ఒరిజినల్ జోలికి ఎప్పుడు వెళ్లాలి, జపాన్ ప్రెస్సింగ్ (అక్కడ అచ్చేసిన రికార్డు) ఎక్కడ పనికొస్తుంది అన్నదే అసలు లెక్క.

ఒరిజినల్‌కు ఆ గిరాకీ ఊరికే రాలేదు. న్యూజెర్సీలోని తన స్టూడియోలో సంగీతాన్ని టేపు మీదికి ఎక్కించిన రూడీ వాన్ గెల్డరే రికార్డు కట్ కూడా చేసేవాడు, అంటే అచ్చుకు మూలమైన గాళ్లు కోసేవాడు. అప్పటికి ఆ టేపు ఇంకా పాతబడలేదు. అయితే ఆనాటి మామూలు ప్లేయర్లలో ముల్లు ఎగిరిపోకుండా బేస్ తగ్గించి, కంప్రెషన్ పెట్టి (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించి) కోశాడు. అందుకే ఒరిజినల్ పెట్టగానే ట్రంపెట్, సాక్సోఫోన్ మీదికి దూసుకొస్తాయి. డబుల్ బేస్ అడుగు స్వరాలు మాత్రం పల్చబడతాయి. అదే మాస్టర్ టేపు నుంచి, మధ్యలో డిజిటల్ మెట్టు లేకుండా, ఇంజినీర్ కెవిన్ గ్రే చేసిన టోన్ పోయెట్ కట్‌లో బేస్ నిండుగా దిగుతుంది, సింబల్ మోత ఆరిపోయేదాకా వినిపిస్తుంది. ఊపు ఒరిజినల్‌ది, వివరం కొత్తదానిది.

లేబుల్ చూసి ఒరిజినల్ అనుకుంటే దెబ్బతింటారు. లేబుల్ మీద చిరునామా 767 లెక్సింగ్టన్ అవెన్యూ, 47 వెస్ట్ 63, న్యూయార్క్ యు.ఎస్.ఏ. అంటూ మారుతూ వచ్చింది. 1966లో లిబర్టీ కంపెనీ బ్లూ నోట్‌ను కొన్నాక కూడా మిగిలిపోయిన పాత లేబుళ్లనే కొన్నాళ్లు వాడారు. చూడాల్సింది లేబుల్ చుట్టూ గాళ్లు లేకుండా నున్నగా ఉండే భాగం. రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టి నెమ్మదిగా తిప్పండి. ‘ఆర్‌వీజీ’ అనో ‘వాన్ గెల్డర్’ అనో ఉండాలి, దానితోపాటు చెవి ఆకారంలో చిన్న గుర్తు ఉండాలి. ఆ చెవి ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ ముద్ర. వాన్ గెల్డర్ పేరు ఉండి చెవి లేదంటే అది చాలావరకు లిబర్టీ కాలపు ప్రెస్సింగ్. కలెక్టర్లు దాన్ని చిన్నచూపు చూస్తారు కాబట్టి ధర బాగా తక్కువ, కట్ మాత్రం వాన్ గెల్డర్‌దే. పాతవాటిలో డబ్బుకు తగ్గ సరుకు ఏదంటే ఇదే.

కంటికి నిగనిగలాడే రికార్డు కూడా చెవికి చెడ్డదిగా తేలొచ్చు. 1950ల బరువైన టోన్ ఆర్మ్‌లు (ముల్లును మోసే చేతులు) గాడి గోడల్ని అరగదీశాయి. ట్రంపెట్ గట్టిగా ఊదినచోట, ముఖ్యంగా లేబుల్ దగ్గరి చివరి పాటలో, బొంగురుగా చిట్లితే అది అరుగుదల. దుమ్ము వల్ల వచ్చే చిటపట కడిగితే పోతుంది, ఇది ఏ మెషీన్‌లో కడిగినా పోదు. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు దుకాణానికెళ్లి, ఆ చివరి పాట పెట్టించుకుని విని కొనొచ్చు. హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ అయ్యాక వెనక్కి పంపడం గిట్టుబాటు కాదు. రికార్డు ఎలా ఉందో అమ్మేవాడు కంటితో చూసి ఇచ్చిన గ్రేడు సరిపోదు, వాయించి ఇచ్చిన గ్రేడు అడగండి.

మోనోకు (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చే రికార్డుకు) ఎక్కువ పెట్టేముందు ఒక్కమాట. 1958 చివరి నుంచి వాన్ గెల్డర్ రెండు ట్రాకుల టేపు మీదే రికార్డు చేసి, మోనో కావాలంటే ఆ రెండింటినీ కలిపేసేవాడు. కాబట్టి 1960ల మోనోలో వేరే మిక్స్ ఏమీ లేదు. 1957 నాటి కోల్ట్రేన్ ‘బ్లూ ట్రైన్’ లాంటివాటికి విడిగా మోనో టేపు ఉంది. 2022లో టోన్ పోయెట్ దాన్ని మోనోలోనూ వేసింది.

జపాన్‌లో 1970ల చివర కింగ్ కంపెనీ, ఆ తర్వాత తోషిబా వేసిన ప్రెస్సింగ్‌ల గొప్పంతా నిశ్శబ్దమే. వినైల్ శుభ్రం, అట్ట చక్కనిది. కానీ అక్కడికి వెళ్లింది టేపు కాపీలు, కట్ అక్కడి ఇంజినీర్లది. కొత్త కట్‌లలోని లోతు వీటిలో రాదు. ఇంకా రీఇష్యూ కాని ఆల్బమ్ కావాలంటే ఇవి కొనండి.

కొత్తవాటికీ తెగుళ్లున్నాయి. 33 ఆర్‌పీఎమ్ రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు. సరిగ్గా ఆ వ్యవధిలో ‘జిర్... జిర్’ మని వినిపిస్తుంటే, అచ్చు వేసేటప్పుడు వినైల్ ఆ చోట గాడిలోకి పూర్తిగా దిగలేదన్నమాట. పియానో సాగదీసిన స్వరం ఊగుతుంటే నడిమి చిల్లు పక్కకు పడింది. టోన్ ఆర్మ్‌ను చూస్తే కుడి ఎడమలకు ఊగుతూ కనిపిస్తుంది. రెండూ కడిగితే పోయేవి కావు. మార్పిడి గడువులోపే రెండు వైపులా పూర్తిగా వినేయండి.

ధర చూస్తే టోన్ పోయెట్ సుమారు 35–40 డాలర్లు, క్లాసిక్ వినైల్ 25–30. టోన్ పోయెట్‌కు పుస్తకంలా తెరుచుకునే మందపాటి అట్ట వస్తుంది. క్లాసిక్ వినైల్‌లోనూ కట్ కెవిన్ గ్రేదే. అట్ట మీద మోజు లేకపోతే ఇవే కొనుక్కోండి. విశాఖలాంటి తేమ ఊళ్లో రికార్డుకు తొడిగే కాగితపు లోకవర్లకు బూజు పడుతుంది. తీసేసి యాంటీ స్టాటిక్ పాలిథీన్ కవర్లు వేయండి. పీవీసీ కవర్లు వద్దు, వినైల్ మీద మబ్బు పట్టినట్టు మరక వదులుతాయి.

ఇక కారుచవకగా దొరికే ఐరోపా ప్రెస్సింగ్‌లు. అక్కడ 1963కు ముందు విడుదలైన రికార్డింగ్‌లకు హక్కులు తీరిపోయాయి కాబట్టి ఎవరైనా వేసుకోవచ్చు, మాస్టర్ టేపు మాత్రం వాళ్ల చేతిలో ఉండదు. చాలావరకు సీడీని తెచ్చి వినైల్ మీద ఎక్కించినవే. అట్ట మీద ‘180 గ్రాములు’ అని రికార్డు బరువు పెద్దక్షరాల్లో ఉండి, కట్ చేసిందెవరో, ఏ టేపు నుంచో ఎక్కడా లేకపోతే అక్కడే పెట్టేయండి.