పిల్లల వీల్‌చైర్: సొంతానికి ఇవ్వడమా, అరువిచ్చి మార్చడమా?

దాతల డబ్బుతో వీల్‌చైర్ ఇచ్చే సంస్థలకు రెండు దారులున్నాయి. కొత్తది కొని సొంతానికి ఇచ్చేయొచ్చు. లేదా అరువిచ్చి, పిల్లలు ఎదిగాక వెనక్కి తీసుకుని పెద్ద సైజు ఇవ్వొచ్చు.

వెన్ను వంకర ఉన్నా, తల నిలవకపోయినా కొలతలు తీసి చేయించిన కుర్చీ సొంతానికే ఇవ్వాలి. ఇందులో రాజీ వద్దు. ఇక్కడ చిక్కల్లా "ఎలాగూ పెరుగుతారు కదా" అని పెద్ద సైజు తీసుకోవడమే. సీటు మరీ వెడల్పైతే పిల్లలు ఓ పక్కకు ఒరిగిపోతారు. లోతు ఎక్కువైతే అంచు మోకాలి వెనక ఒత్తుకుని, నడుము ముందుకు జారుతుంది. మోకాలి వెనక రెండు మూడు వేళ్ల సందు ఉండాలి.

మిగతావారికి మా ఓటు అరువుకే. ఎదిగే వయసులో ఒకే కుర్చీ ఎన్నాళ్లో సరిపోదు. కాకపోతే మరమ్మతుకు మనిషి, విడిభాగాలకు డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. వెనక్కొచ్చిన కుర్చీలో ముందు చక్రాల ఇరుసుకు చుట్టుకున్న జుట్టు, దారాలు తీసేయాలి. టైర్లో గాలి తగ్గితే బ్రేకు పట్టదు, అదీ చూడాలి. నురుగు కుషన్‌ను పిడికిలితో నొక్కినప్పుడు అడుగు తగిలితే కొత్తది వేయాలి. కుర్చీతో పాటు వాడే, అచ్చు తీసి చేసిన కాలి స్ప్లింట్లు (కాలికి ఊతమిచ్చే గట్టి తొడుగులు) మాత్రం ఒకరివి ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఏ పద్ధతైనా ఆరు నెలలకోసారి కొలతలు మళ్లీ తీయాలి. దిగాక ఒంటిమీద ఎర్రమచ్చ అరగంటైనా తగ్గకపోతే, సర్దుబాటు చేసేదాకా ఆ కుర్చీలో కూర్చోబెట్టకండి.