పిస్టల్ శిక్షణకు ఇద్దరం: లాస్ వేగస్ వద్దనుకుని పాల్డెన్ వెళ్లాం

అమెరికాలో తుపాకీ శిక్షణ తీసుకోవాలనుకునే తెలుగువాళ్లు స్కూళ్ల పేర్లు వెతకడానికి ముందు తమ వీసా ఏమిటో చూసుకోవాలి. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కాల్చడం సాధన చేసే రేంజ్‌లో అద్దెకు తీసుకున్న పిస్టల్‌కైనా ఇది వర్తిస్తుంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి; ఏదైనా ఒక రాష్ట్రం జారీ చేసిన వేట లైసెన్సు చేతిలో ఉండటం అందులో ముఖ్యమైనది. కౌంటర్ దగ్గరి కుర్రాడు ‘పర్వాలేదు, ఇక్కడ సంతకం పెట్టండి’ అన్నంత మాత్రాన చట్టం మారిపోదు. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. పిస్టల్ కాల్చడం నేర్చుకోవడానికి ముగ్గురం వెళ్దామనుకున్న మా ప్రయాణం ఈ మెలిక దగ్గరే ఇద్దరికి తగ్గింది. మూడో మిత్రుడు హెచ్-1బీ మీద ఉన్నాడు. వేట లైసెన్సు తీసుకుని వస్తానని మొదట ఉత్సాహపడ్డాడు కానీ, న్యాయవాదితో మాట్లాడాక మానుకున్నాడు. మంచి పని చేశాడు.

మిగిలిన రెండో మనిషి, నాతోపాటు ఇంజనీరింగ్ చదివినవాడు, డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాడు. మన పిల్లలు గ్యాస్ స్టేషన్లలో, దుకాణాల్లో దోపిడీ దొంగల కాల్పులకు బలైన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అలాంటి వార్త ఒకటి చదివిన మర్నాడే మావాడు పిస్టల్ కొని కౌంటర్ కింద పెట్టాడు. కాల్చడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే యూట్యూబ్ అన్నాడు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, మా ఆరిజోనాలో 2010 నుంచి, అర్హత ఉన్న పెద్దవాళ్లు పర్మిట్ లేకుండానే తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. శిక్షణ తప్పనిసరి కాదు కాబట్టి అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. మావాడు కూడా అంతే. ‘నువ్వూ వస్తే వస్తాను’ అనిపించడానికే నాకు చాలా ఫోన్లు పట్టాయి.

వస్తానన్న వెంటనే అతను పంపినవన్నీ లాస్ వేగస్ లింకులే. మెషీన్ గన్ కాల్చండి, ఫొటో దిగండి, భోజనం చేయండి అనే ప్యాకేజీలు. అవి వినోదానికి సంబంధించినవి, శిక్షణకు కావు. 2014లో ఆరిజోనాలోని వైట్ హిల్స్ దగ్గర ఇలాంటి పర్యాటక రేంజ్‌లోనే తొమ్మిదేళ్ల పాప చేతిలో ఉజీ సబ్‌మెషీన్ గన్ అదుపు తప్పి, పక్కనే నిలబడిన శిక్షకుడు చనిపోయాడు. నేర్పే చోట చేతికి ఏ ఆయుధం ఎప్పుడు ఇవ్వాలన్నది నేర్చుకునేవాడి స్థాయిని బట్టి ఉంటుంది. అక్కడ మాత్రం కొన్న టికెట్టును బట్టి ఉంటుంది. లింకులన్నీ పక్కన పెట్టేశాం.

తరువాత చూసింది నెవాడాలో పరంప్ దగ్గరి ఫ్రంట్ సైట్ అనే తుపాకీ స్కూలు. నాలుగు రోజుల పిస్టల్ కోర్సుకు ఒకప్పుడు చాలా పేరు. కానీ జీవితకాల సభ్యత్వాలను అయినకాడికి అమ్ముకుంటూ పోయి, 2022 మేలో దివాలా పిటిషన్ వేసింది. ఆ స్థలం తరువాత ప్రెయిరీఫైర్ పేరుతో కొత్త యాజమాన్యం చేతికి వెళ్లింది. పాత సభ్యుల ‘జీవితకాలం’ అక్కడితో ముగిసింది. జిమ్ అయినా తుపాకీ స్కూలైనా ఒకసారి కట్టి జన్మంతా రండి అంటే నేను రెండడుగులు వెనక్కి వేస్తాను. ఓరెగన్‌లోని లేక్‌వ్యూలో ఉన్న థండర్ రాంచ్ గురించి మంచి మాటలే విన్నాం. అయితే పెద్ద విమానాశ్రయం దగ్గర్లో లేదు. కాల్చేది ఎంతో తెలియదు గానీ కారు తోలేది మాత్రం చాలా ఉంటుంది.

చివరికి ఎంచుకున్నది ఆరిజోనాలోని గన్‌సైట్ అనే స్కూలు. దాన్ని ఖాయం చేసుకునే ముందు ఇద్దరం ఎవరి ఊళ్లో వాళ్లం ఒకరోజు ప్రాథమిక తరగతికి వెళ్లాం. వంద, రెండు వందల డాలర్ల మధ్య అయిపోతుంది. మొదటిసారి పిస్టల్ పట్టుకునేవాళ్లు నేరుగా ఐదు రోజుల కోర్సుకు వెళ్లడం కన్నా ఇది నయం. నేను ఫీనిక్స్ ఉత్తరాన బెన్ ఏవరీ రేంజ్‌కు అప్పుడప్పుడు వెళ్తుంటాను. రాష్ట్ర వన్యప్రాణి శాఖ నడిపే విశాలమైన రేంజ్ అది. అక్కడి రేంజ్ అధికారులు ఎవరినీ ఉపేక్షించరు. మొహమాటానికి తావులేని చోట కొత్తవాళ్లకు భద్రత ఎక్కువ. మావాడు వెళ్లిన తరగతి వేరే రకం. సగం పూట హోల్‌స్టర్లు (తుపాకీ ఒరలు), లేజర్లు అమ్మడంతోనే సరిపోయిందట. అందరూ తలా యాభై తూటాలు కాల్చి సర్టిఫికెట్టు పట్టుకుని ఇంటికి వెళ్లారు. తన చేతిలో ఏ తప్పుందో ఎవరూ చెప్పలేదని అతనే అన్నాడు. పెద్ద స్కూలుకు డబ్బు పెట్టడానికి ఆ మాటే మాకు కారణమైంది.

గన్‌సైట్ ప్రెస్కట్‌కు ఉత్తరాన పాల్డెన్ అనే చిన్న ఊరి దగ్గర, మూడు వేల ఎకరాలకు పైగా విస్తరించి ఉంది. మెరైన్ దళంలో లెఫ్టినెంట్ కల్నల్‌గా చేసిన జెఫ్ కూపర్ 1976లో దీన్ని మొదలుపెట్టాడు. రెండు చేతులతో పట్టుకుని గురి చూడటానికి తుపాకీపై ఉండే సైట్ల మీద చూపు నిలిపి కాల్చే పద్ధతిని ఒక పాఠ్యక్రమంగా మలిచి సామాన్య పౌరులకు నేర్పిన పేరు ఆయనదే. ఇవాళ ప్రపంచమంతా రేంజ్ గోడల మీద వేలాడే నాలుగు భద్రతా సూత్రాలను ఆ రూపంలో ప్రచారంలోకి తెచ్చింది కూడా ఆయనే. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించాలి. నాశనం చేయదలచుకోని దేనివైపూ దాని మూతిని తిప్పకూడదు. సైట్లు గురి మీద నిలిచేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. అంతే.

అక్కడి ప్రధాన కోర్సు పేరు 250 పిస్టల్, ఐదు రోజులది. ఫీజు దాదాపు రెండు వేల డాలర్లు, నేరచరిత్ర లేదని చూపే కాగితం కూడా అడుగుతారు. తూటాలు వెయ్యి దాకా మనమే తెచ్చుకోవాలి. డాలస్ నుంచి విమానంలో వచ్చేవాడికి ఇక్కడే చిక్కు. తుపాకీని ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో చెప్పి చెక్-ఇన్ చేస్తే తీసుకువెళ్లవచ్చు. తూటాలకు మాత్రం చాలా విమాన సంస్థలు మనిషికి 5 కిలోలే అనుమతిస్తాయి. వెయ్యి 9 ఎం.ఎం. తూటాల బరువు 12 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అందుకని మావాడికి కావలసినవి కూడా నేనే ఫీనిక్స్‌లో కొని కారులో వేసుకున్నాను. ఫీజు, తూటాలు, బస, ప్రయాణం అన్నీ కలిపితే ఒక మనిషి ఇండియాకు వెళ్లి వచ్చే ఖర్చు దాటిపోతుంది. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పడం శ్రేయస్కరం.

బస విషయానికి వస్తే, పాల్డెన్‌లో ఆశ పెట్టుకోవద్దు. చీనో వ్యాలీ దగ్గరే గానీ, ఆ ఊరు కాస్త బోసిగా ఉంటుంది. ప్రెస్కట్ అరగంటకు పైగా ప్రయాణం. పాత కోర్టు భవనం చుట్టూ చెట్లనీడ, ఊరి బయట వాట్సన్ చెరువు పక్కన గుండ్రటి గ్రానైట్ బండలు, సాయంత్రం నడవడానికి బాగుంటుంది. కానీ శిక్షణ రోజుల్లో సాయంత్రం నడిచే ఓపిక ఉండదు. మేము చీనో వ్యాలీ వైపు వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. వేడినీళ్లు ఒక మనిషి స్నానానికే సరిపోయేవి, రెండోవాడికి చన్నీళ్లే. అయినా వంటగదిని మించిన వసతి లేదని ఇప్పటికీ అంటాను. మావాడు శాకాహారి. అక్కడి హోటళ్లలో అతనికి దొరికేది బంగాళాదుంప వేపుడు, సలాడ్. రైస్ కుక్కర్, పెరుగు, గోంగూర పచ్చడి మమ్మల్ని నిలబెట్టాయి. ఊరు 4,000 అడుగుల ఎత్తుకు పైన ఉంటుంది. పొద్దున జాకెట్ వేసుకోవాలి, మధ్యాహ్నం టోపీ లేకపోతే మాడు మాడిపోతుంది.

ఇక నేర్పిన తీరు. మొదటి గంటల్లో కాల్చడం కన్నా నిలబడటం, పట్టుకోవడం, ఒరలోంచి తీయడం, మళ్లీ చూడకుండా ఒరలో పెట్టడం ఎక్కువ. మావాడికి అసహనం. ఏడు గజాల దూరంలో అతని తూటాలన్నీ గురికి కింద ఎడమవైపే పడుతున్నాయి. సైట్లు వంకర ఉన్నాయేమో అన్నాడు. శిక్షకుడు మారు మాట్లాడకుండా అతని పిస్టల్‌లో తూటాలు నింపే మ్యాగజైన్ తీసుకుని, వెనక్కి తిరిగి, అసలు తూటాల మధ్య పేలని డమ్మీ తూటాలు కలిపి ఇచ్చాడు. ఒకటి పేలింది, రెండోది పేలింది, మూడోసారి ‘టిక్’ మంది. ఏమీ పేలకపోయినా పిస్టల్ మూతి మాత్రం అర అంగుళం కిందికి తలవంచింది. తుపాకీ తన్నుతుందని చెయ్యి ముందే బెదురుతోందన్నమాట. వెనక నిలబడి చూస్తున్న నాకు స్పష్టంగా కనిపించింది. సైట్ల గురించి అతను మళ్లీ ఎత్తలేదు. యూట్యూబ్ చూసి నేర్చుకునేవాడికి ఈ ‘టిక్’ ఎవరూ చూపించరు.

గురి బొమ్మలు పక్కకు తిరిగి ఉండి, ఒకటిన్నర సెకను మాత్రమే ముఖం చూపి మళ్లీ తిరిగిపోయే అభ్యాసం కూడా ఉంది. వేగం పెంచాలని చూసినవాళ్లంతా మొదట తడబడ్డారు. నిదానంగా, వరసక్రమం తప్పకుండా చేసినవాళ్లకే సమయం మిగిలింది.

కోర్సు చివర్లో ఒక్కొక్కరినీ గదులున్న అభ్యాస గృహంలోకి పంపుతారు. తలుపు తోసి, మూల తిరిగితే మనిషి సైజు బొమ్మ ఎదురవుతుంది. దాని చేతిలో తుపాకీ ఉండవచ్చు, ఇంకేదైనా ఉండవచ్చు. మావాడు రెండో గదిలో చేతిలో సెల్‌ఫోన్ పట్టుకున్న బొమ్మను కాల్చేశాడు. బయటికి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘రాత్రిపూట షాపులోకి వచ్చేవాళ్లలో సగం మంది జేబులోంచి ఫోనో పర్సో తీస్తూనే వస్తారు’ అన్నాడు. ఆ రాత్రి ఇంటికి ఫోను చేసి, కౌంటర్ కింది పిస్టల్ తాళం పెట్టెలోకి మార్చమని తమ్ముడికి చెప్పాడు. కౌంటర్‌కు బుల్లెట్ ప్రూఫ్ అద్దం ఎంతవుతుందో కూడా కనుక్కోమన్నాడు. నా లెక్కలో ఫీజు అక్కడే గిట్టుబాటైంది.

స్నేహితుడితో వెళ్లడంలో ఒక సుఖం, ఒక ప్రమాదం ఉన్నాయి. ఒకరు కాలుస్తుంటే మరొకరు వెనక నిలబడి గమనించడం వల్ల రెండింతలు నేర్చుకుంటాం. కానీ తెలిసినవాడు పక్కన ఉంటే మనం కూడా శిక్షకుడి అవతారం ఎత్తుతాం. అతనికి తెలుగులో చిన్నగా సలహాలు ఇవ్వబోతే శిక్షకుడు నన్ను మర్యాదగానే ఆపి, కాల్చేవాళ్లు నిలబడే లైన్ మీద ఒక్క గొంతే వినిపించాలన్నాడు. అప్పటినుంచి పక్కపక్కన కాకుండా లైన్‌లో చెరో చివరకు వెళ్లాం. మీరూ అలాగే చేయండి. స్కూలు ఎంచుకునేటప్పుడు ఎన్ని రకాల తుపాకులు కాలుస్తామని అడగవద్దు. ఒక శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులు, తప్పు చేస్తే ఎవరు ఎలా దిద్దుతారు అని అడగండి. ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పని చోటికి స్నేహితుణ్ణి తీసుకెళ్లవద్దు.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కాల్చిన చేతులకు సీసం అంటుకుంటుంది, కంటికి కనిపించదు. మనం పెరుగన్నం చేత్తో కలుపుకుని తినేవాళ్లం. సీసాన్ని వదిలించే ప్రత్యేకమైన తుడుపు కాగితాలు దొరుకుతాయి, వాటితో తుడుచుకుని, తరువాత సబ్బుతో చన్నీళ్లలో కడుక్కున్నాకే డబ్బా తెరవాలి. అంత చేసినా అక్కడ ఉన్నన్నాళ్లూ మేము చెంచాలే వాడాం. బూట్లు గుమ్మం బయటే విప్పాలి, ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకూడదు.

రేంజ్‌కు వాడిన బ్యాగును ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడవద్దు. మరిచిపోయిన తూటా ఒక్కటి శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానర్‌లో కనిపిస్తే 1959 నాటి ఆయుధ చట్టం కింద కేసు పెడతారు. తెలియక జరిగిందని హైకోర్టులు కొట్టేసిన కేసులు ఉన్నాయి, కానీ అందాకా సెలవులు, టికెట్లు, మనశ్శాంతి అన్నీ పోతాయి. అమెరికాలో దేశీయ విమానమెక్కేటప్పుడు కూడా చేతి సంచిలో తూటా దొరికితే జరిమానా పడవచ్చు. మావాడు తెచ్చుకున్నది మామూలు బ్యాక్‌ప్యాక్. తిరుగు ప్రయాణానికి ముందు ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌లో మా గరాజ్‌లో జిప్పులన్నీ తీసి బోర్లించి దులిపితే, అడుగు అస్తరు చిరుగులోంచి రెండు తూటాలు నేలమీద పడ్డాయి. డిసెంబర్‌లో అతను విజయవాడ వెళ్లాలనుకున్నది అదే బ్యాగుతో. విమానాశ్రయానికి వెళ్లే దారిలో ఆగి ముప్పై డాలర్లకు కొత్తది కొన్నాం.