దవడ క్లిప్పుతో రెండున్నరేళ్లు

నాకు స్లీప్ ఆప్నియా ఉంది, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగుతుంది. దానికి వాడే సీపాప్, అంటే మాస్కు ద్వారా గాలి పంపే యంత్రం, నాకు పడలేదు. నాలుగు నెలలు తంటాలు పడ్డాను, మాస్కు పెట్టుకున్న గంటకే నిద్రలో పీకేసేదాన్ని. అందుకే పళ్ల డాక్టరు దగ్గర అచ్చు ఇచ్చి, కింది దవడను ముందుకు జరిపి పట్టుకునే క్లిప్పు చేయించుకున్నాను. చిన్న డబ్బాలో పడుతుంది, కరెంటుతో పనిలేదు, పుట్టింటికి వెళ్లినా చేతిసంచిలో వెంట వస్తుంది.

మొదటి వారంలోనే గురక పోయింది. "పక్కన ఉన్నావో లేదో అని చేత్తో తడిమి చూశాను" అన్నారు మా వారు. పదేళ్లుగా అక్కాచెల్లెళ్ల ఇళ్లలో నిద్రపోవడానికే సిగ్గుపడ్డ మనిషిని, ఆ మాట విని ఏడ్చేశాను. స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను.

పొరపాటు అక్కడే జరిగింది. గురక పోయింది కాబట్టి ఆప్నియా కూడా పోయిందనుకున్నాను. ఎనిమిది నెలలు గడిచాయి. పొద్దున లేస్తూనే తలనొప్పి. ఒకరోజు జవాబు పత్రాలు దిద్దుతూ కునుకు తీశాను, తేరుకుని చూస్తే ఒక పిల్లవాడి పేపరు మీద ఎర్ర గీత పైనుంచి కిందిదాకా జారి ఉంది. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. ఈ వయసులో ఆడవాళ్లకి మామూలే అన్నారు, నేనూ నమ్మాను. చివరికి నిద్ర డాక్టరు ఒక్క ప్రశ్న అడిగారు: "క్లిప్పు పెట్టుకుని మళ్లీ నిద్ర పరీక్ష చేయించుకున్నారా?" చేయించుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు, క్లిప్పు చేసిన వాళ్లు కూడా. చేయిస్తే ఊపిరి ఆగడం లేదా బాగా తగ్గడం గంటకు 19 సార్లని వచ్చింది. క్లిప్పు లేనప్పుడు 26. అంటే ఆ ఎనిమిది నెలలూ నా ఊపిరి చప్పుడు లేకుండా ఆగుతూనే ఉంది. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

క్లిప్పుకి రెండు వైపులా చిన్న మరలుంటాయి. కీతో కొంచెం కొంచెంగా తిప్పుతూ దవడను ముందుకు తేవడానికి మూడు నెలలు పట్టింది, చెవుల దగ్గర నొప్పి భరించాను. తర్వాతి పరీక్షలో 7. తలనొప్పి పోయింది.

ఇబ్బంది లేదని మొదట్లో అందరికీ చెప్పాను గానీ, ఉంది. పొద్దున నానబెట్టిన పల్లీలు తింటే వెనక పళ్ల మధ్య నలగవు, జారిపోతాయి. పళ్లు కలవడానికి అరగంట పడుతుంది. ఈ ఏడాది నుంచి మధ్యాహ్నానికి కూడా పూర్తిగా కలవడం లేదు.

శంఖం ఊదితే ఆప్నియా తగ్గుతుందా అని చాలామంది అడుగుతున్నారు. జైపూర్‌లో 30 మందితో చేసిన అధ్యయనం 2025లో వచ్చింది. రోజుకు 15 నిమిషాలు, వారానికి కనీసం ఐదు రోజులు, ఆరు నెలలు ఊదిన వాళ్లకు ఊపిరి ఆగడం గంటకు నాలుగైదు సార్లు తగ్గింది. నాలాగా 26 ఉన్నవాళ్లకు అదొక్కటే సరిపోదు, తోడుగా మంచిదే. ముక్కుతోనే ఊపిరి తీసుకోవాలని కొందరు రాత్రి నోటికి వేసుకునే టేపు మాత్రం నేను వేసుకోలేదు, సైనస్‌తో నా ముక్కు సగం రాత్రులు మూసుకునే ఉంటుంది.

నాది మధ్యరకం ఆప్నియా, పళ్లు గట్టివి, వెల్లకిలా పడుకుంటేనే ఎక్కువ. కాబట్టి ఈ క్లిప్పు నాకు నడుస్తోంది. మా అన్నయ్యకు ఊపిరి ఆగడం గంటకు 40 దాటింది, సీపాప్ మానేసి తనూ క్లిప్పు చేయించుకుంటానంటే వద్దని గట్టిగా చెప్పాను. వచ్చే నెల నాకు మళ్లీ పరీక్ష ఉంది.