కుర్ర వేటకుక్క తొలి సీజన్‌కి ఏ కౌజు మేలు?

పాయింటర్, బ్రిటనీ, జర్మన్ షార్ట్‌హెయిర్ లాంటి వేటకుక్కల పని, పిట్ట వాసన తగలగానే కదలకుండా నిలబడి అదెక్కడుందో వేటగాడికి చూపించడం. అరిజోనాలో ఇంట్లో అలాంటి ఏడాది వయసు కుక్క ఉన్నవాళ్లకి సెప్టెంబర్ నెలంతా ఒకటే ఆలోచన. మొదటి సీజన్ దీన్ని ఎక్కడికి తీసుకెళ్లాలి? రాష్ట్రంలో వేటగాళ్లు ముఖ్యంగా వెతికే కౌజులు మూడు. ఫీనిక్స్, టూసాన్ చుట్టూ ఎడారిలో గ్యాంబెల్. ఆగ్నేయాన గడ్డి మైదానాల్లో స్కేల్డ్. మెక్సికో సరిహద్దు పక్కన ఓక్ చెట్ల కొండల్లో మియర్న్స్, పుస్తకాల్లో అయితే మాంటెజుమా. అనుభవం ఉన్నవాళ్లని అడిగితే ఎక్కువమంది చెప్పేది మియర్న్స్. గ్యాంబెల్ పరుగు పిట్ట, దాని వెనక తిప్పితే కుక్కపిల్ల చెడిపోతుందని వాళ్ల వాదన. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా నా ఓటు గ్యాంబెల్‌కే. కాకపోతే అక్టోబర్‌లో వెళ్లమనడం లేదు, గుంపు మీదికి వదలమనీ అనడం లేదు.

లెక్కలోకి దిగేముందు మనవాళ్లకి ఒక మాట. ఇండియాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఇప్పుడు ఇలాంటి సరదా వేట లేదు కాబట్టి, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లోనో గిల్బర్ట్‌లోనో స్థిరపడ్డాకే, తోటి ఉద్యోగి పిలిస్తేనో మనలో చాలామందికి ఇది పరిచయమవుతుంది. హెచ్1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. లైసెన్సు గడువు దాటితే ఆ మినహాయింపూ లేనట్టే. స్నేహితుడి తుపాకీయే కదా అని చేతిలోకి తీసుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ చిక్కు లేదు.

సరే, పిట్టల సంగతి.

గ్యాంబెల్ మగపిట్టకి నల్లటి మొహం, ఇటుక రంగు నెత్తి, ముందుకి వంగిన జుట్టు. ఉదయం ఎండ తగలగానే గుంపు చెదరకుండా పిలుచుకుంటుంది, వినేవాళ్లకి "చి-కా-గో-గో" అన్నట్టు ఉంటుంది. ఉండేది ఇసుక వాగుల వెంబడి, మెస్కీట్, పాలోవెర్డే పొదల కింద. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టమే, ముళ్లలో కూడా. మనిషినో కుక్కనో చూడగానే ఈ పిట్ట ఎగరదు, కాళ్లకి బుద్ధి చెబుతుంది. వాగు గట్టెక్కి, పొద చాటున గుట్ట మీదికి పరుగు. కుర్ర కుక్క వాసన పట్టి నిలబడుతుంది. అది నిలబడ్డ చోట పిట్ట ఉండదు, నలభై గజాల ముందు ఉంటుంది. కుక్క నాలుగడుగులు వేసి మళ్లీ నిలబడుతుంది. మళ్లీ ఖాళీ. మూడోసారి అది నిలబడడం మానేసి తరుముతుంది. గుంపు మొత్తం తుపాకీకి అందని దూరంలో లేచిపోతుంది. ఇలాంటి ఉదయాలు వరసగా గడిస్తే, నిలబడడం దండగని కుక్క నేర్చుకుంటుంది. పెద్దవాళ్ల భయం ఇదే, సరైన భయమే.

అయితే ఇదంతా చెదరని గుంపుతో వచ్చే ఇబ్బంది. గుంపు ఒకసారి విడిపోయి, పిట్టలు ఒక్కొక్కటిగా వేర్వేరు పొదల్లో దిగాయంటే, అదే గ్యాంబెల్ వేరే పిట్టలా ప్రవర్తిస్తుంది. తోడు లేని పిట్ట పరుగు మాని పొద మొదట్లో అతుక్కుపోతుంది. కుక్కపిల్లకి పాఠం చెప్పేది ఈ ఒంటి పిట్టే.

కాబట్టి గుంపు కనబడగానే కుక్కని తాడు మీద ఉంచాలి. మనిషి తానే గుంపు మీదికి గబగబా నడిచి, పరుగెత్తే వ్యవధి ఇవ్వకుండా ఎగరగొట్టాలి. పిట్టలు ఎక్కడ దిగాయో గుర్తుపెట్టుకోవాలి. అక్కడికి వెంటనే వెళ్లకూడదు. ఎగిరి దిగిన పిట్ట చుట్టూ వాసన పలచగా ఉంటుందని కుక్కల వాళ్లంతా అనుకునేదే. కుక్కకి నీళ్లు పట్టించి, కాసేపు కూర్చుని, అప్పుడు గాలికి ఎదురుగా వదలాలి. ఇప్పుడు అది నిలబడితే ఎదురుగా నిజంగానే పిట్ట ఉంటుంది. ఒక గుంపులో ఇరవై పిట్టలుంటే, అందులో ఆరేడు దొరికినా అదే ఉదయం ఆరేడు పాఠాలు. కుర్ర కుక్కని తీర్చిదిద్దేది పిట్ట వాసన ఎన్నిసార్లు ముక్కుకి తగిలిందన్నదే. పెంపుడు పావురాలతో, బాబ్‌వైట్ అనే పెంపకపు కౌజులతో పెరట్లో ఎంత నేర్పినా, అడవి పిట్ట వాసన ఎంత దూరం నుంచి నమ్మాలో అవి చెప్పలేవు.

లెక్కలో గ్యాంబెల్‌కి సాటి లేదు. ఫ్లారెన్స్ వైపు వెళ్లినా, వికెన్‌బర్గ్ వైపు వెళ్లినా, టోంటో నేషనల్ ఫారెస్ట్‌లోకి వెళ్లినా పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. సీజన్ మామూలుగా అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి భాగం దాకా. తేదీలు ఏడాదికేడాది కాస్త జరుగుతాయి, రాష్ట్ర గేమ్ అండ్ ఫిష్ శాఖ పుస్తకం చూసుకోండి. జనం ఉంటున్న ఇంటికి పావు మైలు లోపల, ఇంటివాళ్ల అనుమతి లేకుండా తుపాకీ పేల్చకూడదన్న నిబంధన ఊళ్లు పెరుగుతున్న ఈ రోజుల్లో మరీ గుర్తుపెట్టుకోవాలి.

మరి అక్టోబర్ ఎందుకు వద్దన్నాను? మొదటిది ఎండ. అప్పటికి ఫీనిక్స్ చుట్టూ మధ్యాహ్నం 32 డిగ్రీలకి పైన ఉండడం మామూలే. కుక్క ఒళ్లు చల్లబరచుకునేది రొప్పుతూనే. నోరు తెరిచి రొప్పే కుక్క ముక్కుతో సరిగా వాసన తీయలేదు. పొడి నేల మీద వాసన అసలే నిలవదు. అంటే పిట్ట పక్కనే ఉన్నా దాటిపోతుంది, ఆ దాటిపోవడమే అలవాటవుతుంది. రెండోది రాటిల్ స్నేక్. నవంబర్ చలి తగిలేదాకా అవి తిరుగుతూనే ఉంటాయి. పాములంటే దూరం జరిగేలా కుక్కలకి శిక్షణ ఇచ్చేవాళ్లు ఇక్కడ ఉన్నారు. సీజన్ ముందు ఆ క్లాసు పూర్తిచేయని కుర్ర కుక్కని వెచ్చటి వాగులోకి వదలడం నాకు ఇష్టం లేదు. జనవరిలో పగటి ఎండ 20 డిగ్రీల దగ్గర, రాత్రి చిన్న జల్లు పడి తెల్లారితే నేల తడిగా. అదే గుట్ట, అదే పిట్ట, కుక్క మాత్రం రెండింతలు దూరం నుంచి పసిగడుతుంది. పైగా ఆపాటికి తొందరపడి వచ్చేవాళ్లంతా మానేసి ఉంటారు.

ఇప్పుడు మియర్న్స్. దీని గురించి చెడ్డగా మాట్లాడడం కష్టం. సరిహద్దు దగ్గరి ఊళ్లు పాటగోనియా, సొనోయిటా చుట్టూ, సుమారు 4000 నుంచి 6000 అడుగుల ఎత్తున, మోకాలెత్తు గడ్డి, మధ్యమధ్య ఓక్ చెట్లు, చల్లటి గాలి. ఎడారి అంచు అనాలి గానీ ఎడారి అనలేం. మగపిట్ట మొహం మీద నలుపు తెలుపు చారలు ఎవరో రంగులు పూసి బతుకమ్మ దగ్గర నిలబెట్టినట్టు ఉంటాయి. పొడవాటి గోళ్లతో నేల తవ్వి పులిచింత జాతి మొక్కల దుంపలు, తుంగ గడ్డి దుంపలు తింటుంది. చెట్టు కింద తాజాగా తవ్విన చిన్న చిన్న గుంటలు కనిపిస్తే గుంపు దగ్గర్లోనే ఉన్నట్టు. పరుగెత్తడం దీని పద్ధతి కాదు. కదలకుండా గడ్డిలో నక్కి, దాదాపు కాలి కింద నుంచి లేస్తుంది. నిలబడే కుక్క కోసమే పుట్టిందా అనిపించే పిట్ట.

అందుకే అందరూ దీన్ని బడిపంతులు అంటారు. నా అభ్యంతరం కూడా సరిగ్గా అక్కడే. ఈ పంతులు మరీ మెత్తన. కుక్కపిల్ల వాసన తగిలాక ఆగకుండా ఇంకో పది గజాలు పాక్కుంటూ వెళ్లినా మియర్న్స్ కదలదు. ఇంకో అయిదు గజాలు వెళ్లినా ఊరుకుంటుంది. తప్పు చేసిన సంగతి కుక్కకి తెలియనే తెలియదు. ఒక సీజన్ మొత్తం ఇలా పెరిగిన కుక్కని మరుసటి ఏడు గ్యాంబెల్ మీదికి తెస్తే, ప్రతి గుంపునీ తొక్కి లేపేస్తుంది. గ్యాంబెల్ ఒంటి పిట్ట అలా కాదు. మర్యాదగా దూరంలో ఆగితే ఉంటుంది, మీదికొస్తే లేచిపోతుంది. ఎక్కడ ఆగాలో పిట్టే చెబుతుంది, యజమాని అరవనక్కర్లేదు.

ఇంకా ఉంది. మియర్న్స్ ఆగస్టు, సెప్టెంబర్ వానల్లో పిల్లలు చేస్తుంది కాబట్టి దాని సీజన్ డిసెంబర్‌లో గానీ తెరవరు. రోజుకి మూడు జాతులూ కలిపి 15 పిట్టలు కొట్టొచ్చు గానీ, అందులో మియర్న్స్ ఎనిమిది దాటకూడదు. గుంపులు చిన్నవి, ఒకే లోయని పట్టుకుని బతుకుతాయి. ఒక గుంపులో ఒకటో రెండో తీసుకుని వదిలేయడం అక్కడి పెద్దమనుషుల ఆనవాయితీ. ఫీనిక్స్ నుంచి రెండున్నర గంటలకి పైగా కారు నడిపి, కొండలెక్కి దిగి, రోజంతా కలిపి రెండు గుంపులు దొరికితే అది మంచి రోజే. పెద్ద కుక్కకి అది పండగ. నేర్చుకునే కుక్కకి ఆ రెండు గుంపుల మధ్య నాలుగు గంటల ఖాళీ.

స్కేల్డ్ గురించి ఎక్కువ చెప్పను. తెల్లటి కుచ్చు జుట్టు, ఒంటి మీద చేప పొలుసుల్లాంటి గీతలు, సల్ఫర్ స్ప్రింగ్స్ లోయ లాంటి చోట్ల పొట్టి గడ్డిలో పెద్ద పెద్ద గుంపులు. పరుగులో గ్యాంబెల్ దీని ముందు బద్ధకస్తురాలు. నేల విశాలం కాబట్టి కుక్క ఏం చేస్తోందో అరమైలు దూరం నుంచి కనిపిస్తుంది, అదొక్కటే కుర్ర కుక్కకి లాభం. గుంపు చెదిరితే ఇవి కూడా గడ్డిలో బాగానే కూర్చుంటాయి. కానీ చెదరగొట్టాలంటే మనిషికి దమ్ము ఉండాలి. రెండో సీజన్‌కి వదిలేయండి.

ముళ్ల విషయానికొస్తే గ్యాంబెల్‌కి పెద్ద మైనస్, దాచను. చోయా అనే ఎడారి జెముడు ముల్లు కొక్కెంలాంటిది, తగిలితే ముద్దకి ముద్ద ఊడొచ్చి పాదానికి అంటుకుంటుంది. కుక్క దాన్ని నోటితో పీక్కోబోతే నాలుకకీ చిగుళ్లకీ దిగుతుంది. జేబులో ఒక గట్టి దువ్వెన, చిన్న పట్టకారు లేకుండా కారు దిగొద్దు. దువ్వెన ముద్ద కిందికి దూర్చి ఒక్క విసురు విసరాలి, మిగిలిన ముళ్లు పట్టకారుతో. అంతకన్నా ముఖ్యం, పాదంలో ముల్లు దిగగానే కదలకుండా నిలబడి మనిషి కోసం ఆగేలా ఇంటి దగ్గరే నేర్పాలి. గొంతు చించుకుని "వో" అంటే ఆగే కుక్కకి ఇది కష్టం కాదు. బూట్లు తొడగడం మీద వాదనలున్నాయి. నేలంతా చోయా పరిచినట్టు ఉన్నచోట తొడుగుతాను, మిగతా చోట్ల పాదమే మేలు. మియర్న్స్ కొండల్లో ముళ్లు తక్కువే గానీ రాళ్లకి అరికాళ్లు అరుగుతాయి, గడ్డి ములుకులు చెవుల్లో దూరతాయి.

వ్యాలీ ఫీవర్ మాత్రం ఈ ప్రాంతం మొత్తానికీ ఉమ్మడి. ఎడారి మట్టిలో ఉండే శిలీంధ్రం ధూళితో పాటు ముక్కులోకి పోతుంది. వేటకుక్క పనే నేలకి ముక్కు ఆనించడం. దగ్గు తగ్గకపోయినా, తిండి మానినా, కారణం తెలియకుండా కుంటుతున్నా డాక్టర్‌తో ఆ పరీక్ష చేయించండి. మందు ఉంది, నెలల తరబడి వాడాలి.

పెద్ద కుక్కని తోడు తీసుకెళ్లాలా, ఒంటరిగా వదలాలా? ఇక్కడ జాతిని బట్టి నా జవాబు మారుతుంది. ఒంటి గ్యాంబెల్ మీద కుర్ర కుక్క ఒక్కటే ఉండాలి. పక్కన అనుభవం ఉన్న కుక్క ఉంటే పిట్టలన్నీ అదే కనిపెడుతుంది, చిన్నది దాని వెనకే తిరుగుతూ తన ముక్కుని వాడడం మానేస్తుంది. మియర్న్స్ కొండల్లో మాత్రం జోడీ మంచిదే. దొరికే గుంపులు ఎలాగూ తక్కువ, పెద్దది నిలబడితే దాని వెనక ఆగి గౌరవించడం చిన్నదానికి అక్కడే బాగా అలవాటవుతుంది. డిసెంబర్ చివర్లో ఒకటి రెండు ట్రిప్పులు ఇందుకోసమే పెట్టుకోవచ్చు.

నా ఓటు మారే సందర్భాలు రెండు. కుక్క స్వభావం మెత్తనిదై, తుపాకీ చప్పుడుకి ఇంకా ఉలిక్కిపడుతుంటే, గ్యాంబెల్ గందరగోళం దానికి వద్దు. ముందు దూరం నుంచి ఉత్త తూటాల చప్పుడు అలవాటు చేసి, మొదటి పిట్టని మియర్న్స్ కొండల నిశ్శబ్దంలో చూపించండి. రెండోది వాన. గ్యాంబెల్ బతుకు చలికాలపు వాన మీద, మియర్న్స్ బతుకు వేసవి చివరి వాన మీద ఆధారపడి ఉంటాయి. శీతాకాలం ఎండిపోయి పచ్చిక మొలవకపోతే ఆ వసంతంలో గ్యాంబెల్ జతకట్టడం కూడా మానుకోవచ్చు. అలాంటి ఏడు గుంపులో పాత పిట్టలే మిగులుతాయి. అవి ఒకటికి పది సీజన్లు చూసినట్టు పరిగెత్తుతాయి, కుక్కపిల్లని నిజంగానే చెడగొడతాయి. శీతాకాలం అలా ఎండి, ఆ తర్వాత జులై, ఆగస్టు వానలు దక్షిణ కొండల్లో బాగా పడి ఉంటే, పెట్రోలు ఖర్చు చూసుకోకుండా సొనోయిటా దారి పట్టండి. రెండు కాలాలూ ఎండిపోతే తుపాకీ ఇంట్లో పెట్టి, కుక్కనీ, దాన్ని అదుపులో ఉంచే పొడవాటి తాడు చెక్ కార్డ్‌నీ తీసుకుని ఊరి పక్క వాగుకే వెళ్లండి. వాసన పట్టడానికి బతికున్న పిట్ట చాలు.