బిగ్ సర్ మారథాన్: ఎక్కుడు కన్నా దిగుడే కష్టం

కాలిఫోర్నియా తీరంలో ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం జరిగే బిగ్ సర్ మారథాన్ పేరు విన్నవారెవరికైనా రెండు సంగతులు ముందే తెలిసి ఉంటాయి. ఒకటి హరికేన్ పాయింట్ అనే పెద్ద ఎక్కుడు, రెండోది బిక్స్‌బీ వంతెన దగ్గర వినిపించే పియానో. రెండూ చెప్పుకోదగినవే. అయితే ఈ దారి మనిషిని నిజంగా పరీక్షించేది ఆ రెండూ దాటిన తరువాతనే. ఆ సంగతి ఎవరూ గట్టిగా చెప్పకపోవడం వల్ల నా తొడలే నాకు చెప్పవలసి వచ్చింది.

1986లో మొదలైన ఈ పరుగు ఒక చోట బయలుదేరి మరో చోట ముగుస్తుంది. బిగ్ సర్ లోయలోని రెడ్‌వుడ్ చెట్ల మధ్య నుంచి ఉత్తరంగా ఒకటో నంబరు హైవే మీదుగా కార్మెల్ అనే ఊరి వరకు 26.2 మైళ్లు. ఒక పక్క కొండ, మరో పక్క సముద్రం ఉన్న ఆ రోడ్డుకు ప్రత్యామ్నాయం లేదు. అందువల్ల ఆ పూట వాహనాలు ఆపివేస్తారు, పరుగు తీసేవారిని చీకటితోనే బస్సుల్లో ఎక్కించి ఆరంభ స్థలానికి చేరుస్తారు. నిద్ర తెల్లవారుజామున మూడింటికే ముగుస్తుంది. ఆ తరువాత చెట్ల కింద చలిలో చాలాసేపు కూర్చోవాలి. ఒంటిమీద పాత స్వెటరు, చేతిలో తినడానికి ఏదో ఒకటి లేకుండా వెళ్లకూడదు. బస్సులో వచ్చేటప్పుడు కిటికీలోంచి ఏమీ కనిపించకపోవడం మాత్రం ఒక విధంగా మేలే. మనం తిరిగి రావలసిన ఎక్కుడులన్నీ ఆ చీకట్లోనే దాటిపోతాయి.

మొదటి అయిదు మైళ్లు మోసం చేస్తాయి. దారి మెల్లగా కిందికి వాలుతూ ఉంటుంది, చెట్ల నీడ ఉంటుంది, గాలి ఉండదు, పాదం తనంతట తానే ముందుకు పడుతుంది. ఇక్కడ వేగం పుంజుకొని నాలుగు నిమిషాలు మిగుల్చుకున్నామని సంతోషించినవారు ఆ నాలుగింటికీ తరువాత వడ్డీ కట్టవలసి ఉంటుంది. నేను మూడు నిమిషాలు మిగుల్చుకున్నాను. చెట్లు అయిపోగానే పచ్చిక మైదానాలు, వాటి అంచున సముద్రం, దూరంగా ఒక ఒంటరి రాతిగుట్ట మీద 1889 నాటి పాయింట్ సర్ దీపస్తంభం కనిపిస్తాయి. వాటితోపాటే వాయవ్యం నుంచి ఎదురుగాలి మొదలవుతుంది. గాలి గట్టిగా ఉన్న రోజున ఒంటరిగా పోకుండా ఏదో ఒక గుంపు వెనక చేరడం మంచిది. ముందువారి వీపు చాటున పోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, తరువాత మనం ముందుకు వెళ్లి వారికి చాటు ఇస్తే సరి.

పదో మైలు దగ్గర లిటిల్ సర్ నది సముద్రంలో కలుస్తుంది. అక్కడి నుంచే హరికేన్ పాయింట్ ఎక్కుడు మొదలవుతుంది. రెండు మైళ్లలో సుమారు 500 అడుగుల ఎత్తు, అంటే ప్రతి వంద అడుగుల దూరానికి దాదాపు అయిదు అడుగుల పైకి. మొదట్లో జపాన్ సంప్రదాయపు తైకో డప్పులు మోగుతూ ఉంటాయి. అవి కనిపించడానికి చాలా ముందే వినిపిస్తాయి, దాటిపోయాక కూడా కొంతసేపు వీపు వెనక తోస్తూనే ఉంటాయి. ఎక్కుడులో చిక్కు ఎత్తు కాదు, మలుపులు. ఇదే చివరిదనుకున్న మలుపు తిరగగానే ఇంకొకటి కనిపిస్తుంది. అయినా ఈ భాగం మహా కష్టమన్న పేరు కొంత అతిశయోక్తి అని నా అభిప్రాయం. గడియారం చూడటం మానేసి, అడుగు చిన్నది చేసి, ఊపిరి అదుపులో ఉంచుకుంటే అది సహనంతో గట్టెక్కే పనే. అవసరమైన చోట నడిచినా పోయేది ఎక్కువ ఉండదు. నా పక్కన నడిచిన ఒకాయన నాతోపాటే పైకి చేరాడు, నాకన్నా తక్కువ ఆయాసంతో.

పైనుంచి సుమారు ఒక మైలు దిగితే సరిగ్గా సగం దూరానికి బిక్స్‌బీ వంతెన వస్తుంది. 1932లో కట్టిన ఈ కాంక్రీటు వంతెన పొడవు 714 అడుగులు. ఒకే పెద్ద కమాను లోయను దాటుతుంది. వంతెన చివర రోడ్డు పక్కన గ్రాండ్ పియానో పెట్టి, సూటు తొడుక్కున్న వాద్యకారుడు వాయిస్తూ ఉంటాడు. ఇదంతా ఫొటోల కోసం చేసిన ఏర్పాటని అనుకుంటూ వెళ్లాను. వంతెన మీద అడుగుపెట్టాక, గాలి విసురు ఆగినప్పుడల్లా రెండు మూడు స్వరాలు వచ్చి మళ్లీ పోతూ ఉంటే, ఆ అనుమానం నిలవలేదు. రెండు నిమిషాలు ఆగాను. వేరే ఏ పరుగులోనూ నేను మధ్యలో కావాలని ఆగింది లేదు.

చాలామంది వర్ణనలు ఇక్కడితో ముగుస్తాయి, మిగిలిన 13 మైళ్లు లేనట్టే. నిజానికి అక్కడి నుంచి దారి ఒక్క ఫర్లాంగు కూడా సమంగా ఉండదు. రాకీ క్రీక్, గరపాటా అనే చోట్ల మీదుగా ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. వీటిలో ఏదీ పేరు పెట్టుకునేంత పెద్దది కాదు, ఏదీ లెక్క చేయకుండా వదిలేసేంత చిన్నదీ కాదు. ఎక్కేటప్పుడు అలిసేది ఊపిరి, దిగేటప్పుడు దెబ్బతినేది తొడ ముందు కండరం. దిగే ప్రతి అడుగులోనూ అది సాగుతూనే శరీర భారాన్ని ఆపవలసి వస్తుంది కనుక, ఆ నొప్పి వెంటనే కాక కొన్ని మైళ్ల తరువాత బయటపడుతుంది. హరికేన్ పాయింట్ దిగుడులో నేను సంబరంగా దూకిన దూకుళ్లకు పద్దెనిమిదో మైలులో లెక్క తేలింది.

ఇరవై ఒకటో మైలు తరువాత కార్మెల్ హైలాండ్స్ వస్తుంది. ఇళ్లు, పైన్ చెట్లు, అందమైన వంపులు, కానీ ఆ వంపుల్లో రోడ్డు ఒక పక్కకు బాగా వాలి ఉంటుంది. ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడుతూ ఉంటే చీలమండలు, తుంటి ముందుగా ఫిర్యాదు చేస్తాయి. రోడ్డు మధ్య గీతను పట్టుకొని పరుగెత్తడం కొంత నయం. అక్కడే ఒక చోట తాజా స్ట్రాబెర్రీలు ఇస్తారు. అప్పటికి దారిలో శక్తి కోసం మింగే చక్కెర జెల్‌ల తీపి నాలుకకు వెగటు పుట్టి ఉంటుంది కాబట్టి ఆ పండు రుచి వేరే లోకం నుంచి వచ్చినట్టుంటుంది. ఇరవై అయిదో మైలులో, అంతా అయిపోయిందని శరీరం నిర్ణయించుకున్నాక, మరో ఎక్కుడు ఉంటుంది. దాని గురించి ముందే తెలుసుకొని వెళ్లడం ఒక్కటే దానికి మందు.

సొంత రికార్డు కోసం వెతికేవారికి ఈ పరుగును నేను సిఫారసు చేయను. ఇక్కడి సమయంతో, నిర్ణీత సమయంలో పరుగు ముగించినవారికే చోటిచ్చే బోస్టన్ మారథాన్‌కు అర్హత పొందవచ్చన్నది నిజమే, కానీ అదే శ్రమను చదునైన దారిలో పెడితే ఫలితం త్వరగా దక్కుతుంది. ఆరు గంటల గడువు ఉంది, రోడ్డు మళ్లీ తెరవాలి కాబట్టి అందులో మినహాయింపు ఆశించకూడదు. రోడ్డు మూసి ఉండటం వల్ల దారి పొడవునా జనం కేకలు ఉండవు. జనసందోహం నుంచే బలం తెచ్చుకునేవారికి ఇది పెద్ద లోటు, నాలాంటివారికి వరం. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ తీరంలో కొండచరియలు జారడం, రోడ్డు కోసుకుపోవడం మామూలే. 2011లోనూ 2024లోనూ అలాగే రోడ్డు దెబ్బతిని, కార్మెల్ వైపు నుంచే వెళ్లి వెనక్కి వచ్చేలా దారి మార్చారు. వంతెన కోసమే వెళ్లేవారు ఈ అవకాశానికి మనసు సిద్ధం చేసుకొని డబ్బు కట్టాలి.

సాధన చేసేవారు ఎక్కడం కన్నా దిగడం మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. అలసిన కాళ్లతో, పొడవైన పరుగు చివర్లో, వాలు మీద పొట్టి అడుగులు వేయడం నేర్చుకోవాలి. ముగింపు గీత దగ్గర ఇచ్చే పతకం లోహం కాదు, కాల్చిన మట్టిది. జాగ్రత్తగా తువ్వాలులో చుట్టి తెచ్చుకున్నాను. మరునాడు బస చేసిన చోట మెట్లు ఎక్కడానికి నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. దిగడానికి మాత్రం వెనక్కి తిరిగి, రెండు చేతులతో కమ్మీ పట్టుకొని, ఒక్కొక్క మెట్టే దిగాను.