శాంటా కాటలీనా కొండలు: సగువారోల మధ్య నుంచి దేవదారుల దాకా

అరిజోనాలోని టూసాన్ నగరానికి ఆనుకుని ఉన్న శాంటా కాటలీనా పర్వతాలకు వెళ్లేవారు, ఫీనిక్స్ నుంచి వచ్చే మన తెలుగు కుటుంబాలతో సహా, ఎండను తప్పించుకోవడానికి నేరుగా 9,157 అడుగుల మౌంట్ లెమ్మన్‌కే కారు పోనిస్తారు. మొక్కలనూ పక్షులనూ చూడాలనుకునేవారు మాత్రం కొండ పాదానికే ఎక్కువ సమయం ఇవ్వాలని నా అభిప్రాయం.

మే నెలలో కొండ పాదాన ఉన్న సబినో కాన్యన్ లోయకు తెల్లవారగానే చేరుకోవడం ఉత్తమం. సగువారో అంటే స్తంభంలా నిలువుగా పెరిగే పెద్ద ఎడారి కాక్టస్. రాత్రి విచ్చుకునే దాని పూలు మర్నాడు ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతాయి. బాటకు వాలిన ఒక కొమ్మ చివర తెల్లని, మైనపు మెరుపున్న పూలను దగ్గరగా చూశాము. పుప్పొడి పులుముకున్న తేనెటీగలు రేకుల మధ్య పొర్లుతున్నాయి. అదే కాండంపై గీలా వడ్రంగిపిట్ట తొలిచిన రంధ్రం ఉంది. గాయం చుట్టూ మొక్క గట్టి పొర కట్టుకుంటుంది. పిట్ట వదిలిపోయాక ఆ గూటిలో బుల్లి ఎల్ఫ్ గుడ్లగూబ కాపురం పెడుతుంది. పాలో వెర్డే చెట్ల నీడలో తలెత్తే సగువారో పిల్లమొక్కలు మొదటి ఎనిమిదేళ్లలో ఒకటి, ఒకటిన్నర అంగుళాలకు మించి పెరగవు. లోపలికి సొంత కార్లను అనుమతించరు కాబట్టి ఎలక్ట్రిక్ షటిల్ ఎక్కి, చివరన దిగి, వాగు వెంట నడిచి రావడం మంచిది.

మౌంట్ లెమ్మన్ పైకి వెళ్లే రోడ్డు 27 మైళ్లు. సుమారు 4,000 అడుగుల ఎత్తు దాటాక, గడ్డకట్టే చలికి తాళలేని సగువారోలు కనుమరుగై, ఓక్, జునిపర్, ఆపై పాండరోసా పైన్, చివరికి దేవదారు జాతి చెట్లు వస్తాయి. కొండపై పెట్రోలు బంకు లేదు.

2003 నాటి కార్చిచ్చులో చాలా ఇళ్లు కాలిపోయి మళ్లీ కట్టుకున్న, కొండపై ఉన్న సమ్మర్‌హేవెన్ అనే చిన్న ఊళ్లో బస చల్లగా ఉంటుంది గానీ, మేము దిగిన కాటేజీలో వంటగది అని చెప్పినది ఒక్క మైక్రోవేవ్ మాత్రమే. పిల్లలతో వెళ్లేవారికి టూసాన్ ఉత్తర శివారులోని హోటళ్లే నయం. గుడారం వేసుకునేవారికి శీతాకాలంలో ఈ కొండ రోడ్డు పక్కనే ఉన్న మొలీనో బేసిన్ శిబిర స్థలం బాగుంటుంది. నీళ్లు వెంట తీసుకెళ్లాలి.

నన్ను కలవరపెట్టినది బఫెల్ గడ్డి. పశువుల మేతకని బయటి నుంచి తెచ్చిన ఈ గడ్డి రాళ్ల సందుల్లో దట్టంగా అల్లుకుని, ఎడారిలో లేని మంటలకు దారి చూపుతోంది. ఆ మంటకు సగువారోలు తట్టుకోలేవు. స్వచ్ఛంద సేవకులు దానిని వేళ్లతో సహా పెరికేస్తున్నారు. సందర్శకులు కూడా కారెక్కే ముందు బూట్లకు, బట్టలకు అంటిన గింజలను దులిపి, ఏరి సంచిలో వేసుకోవాలి.