పాత స్పోర్ట్స్ బైకు కొనేవారికి హెచ్చరిక: ట్యాంకు కాదు, హ్యాండిల్ కింద చూడండి

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైకు కోసం వెతుకుతున్న అందరికీ ఈ హెచ్చరిక. అనంతపురంలోని ఒక బైకుల కన్సల్టెన్సీ మా బావమరిదికి అమ్మిన బండిని, పెద్ద గొడవ తర్వాత వెనక్కి తీసుకుని, ఇప్పుడు మళ్లీ అమ్మకానికి నిలబెట్టింది. అది గట్టిగా గుద్దుకుని ముందు భాగం దెబ్బతిన్న బండి. ఆ సంగతి వాళ్లకు తెలుసు. మాకు మొత్తం డబ్బు రాలేదు, ఫిర్యాదు వేస్తున్నాం కాబట్టి కన్సల్టెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. బండి గుర్తులు మాత్రం చెప్పి తీరాలి. కర్ణాటక రిజిస్ట్రేషన్, ముదురు బూడిద రంగు, ట్యాంకుకు రెండు వైపులా ఎర్ర గీత, మీటరులో పదకొండు వేల చిల్లర కిలోమీటర్లు. హ్యాండిల్ కింద ఎడమ వైపు ఛాసిస్ (బండి చట్రం) మీద అరచేయి అంత మేర నల్ల రంగు మిగతా చోట్ల కన్నా కొత్తగా మెరుస్తుంటుంది.

మా వాడు కొన్నది నేకెడ్ బైకు. ఈ రకం బండ్ల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మోసం ఎక్కడ జరుగుతుందో అర్థం కాదు. గాలిని అడ్డుకునే ప్లాస్టిక్ తొడుగు లేకుండా ఇంజను, రేడియేటరు, ఛాసిస్ అన్నీ బయటికి కనిపించేవే నేకెడ్ బైకులు. మన దేశంలో కుర్రకారుకు వీటి రుచి బాగా తగిలించింది 2013లో వచ్చిన కేటీఎం 390 డ్యూక్. 373 సీసీ ఒకే సిలిండరు, 43 హార్స్‌పవర్ శక్తి. ఇంట్లో నాన్నలు నడిపే వంద సీసీ బండి ఇచ్చేది దాదాపు 8. ఇంకా పైకి వెళ్తే కవాసాకి జడ్ 900 లాంటివి ఉన్నాయి: 948 సీసీ, నాలుగు సిలిండర్లు, 125 హార్స్‌పవర్ దాకా. మా వాడు కొన్నది ఏ కంపెనీ బండో రాయను. ఇందులో తయారీదారు తప్పు ఇసుమంతైనా లేదు.

వీటిని నడిపినవారు చెప్పే గొప్పలన్నీ నిజమే. రెండో గేరులో యాక్సిలరేటర్ కొంచెం తిప్పగానే నడుము వెనక్కి లాగుతుంది. బ్రేకు లివరును రెండు వేళ్లతో నొక్కితే చాలు, బండి అక్కడికక్కడే ఆగుతుంది. మలుపులో హ్యాండిల్ తిప్పనక్కర్లేదు, ఒళ్లు కాస్త వాలిస్తే బండి తనే తిరుగుతుంది. మా బావమరిది టవర్‌క్లాక్ చుట్టూ ఒక చిన్న చుట్టు తిరిగి వచ్చి హెల్మెట్ తీయకముందే అన్నాడు, "బావా, నాకు ఇదే కావాలి, ఇంకో బండి చూడను" అని. అమ్మేవాడు పక్కనే ఉండి చిరునవ్వు నవ్వాడు. ఆ చిన్న చుట్టే వాళ్ల వ్యాపారం. ఆటోల మధ్య నలభై వేగంలో నడిచే బండికి ముందు భాగం వంకరగా ఉన్నా చేతికి తెలియదు. తెలిసేది ఇంజను ఊపు మాత్రమే, ఆ ఊపు దెబ్బతిన్న బండిలోనూ అంతే బాగుంటుంది.

తెలిసింది కర్నూలు వెళ్లే దారిలో. గుత్తి దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మీద, వేగం ఎనభైకి చేరేసరికి హ్యాండిల్ వణకడం మొదలైంది. ముందు సన్నగా, అరచేతిలో ఫోను మోగినట్టు. తర్వాత ఒక లారీని దాటుతుండగా గాలి పక్కనుంచి కొట్టేసరికి హ్యాండిల్ ఎడమకు కుడికి కొట్టుకుంది. వాడు బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, మోకాళ్లతో ట్యాంకును బిగించి పట్టుకున్నాడు కాబట్టి ప్రాణాలతో మిగిలాడు. నాలుగు వరుసల రహదారిపై ద్విచక్ర వాహనాలకు కేంద్రం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగమే గంటకు 80 కిలోమీటర్లు. అంటే వాడు హద్దు దాటి తోలలేదు. చట్టం అనుమతించిన వేగంలోనే ఆ బండి మనిషిని కింద పడేసేది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగడం లేదు. వాడికి ఇద్దరు చిన్న పిల్లలు.

బండిని వ్యానులో ఎక్కించి బెంగళూరులో ఇలాంటి బండ్లే చూసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఇంజను జోలికే పోలేదు. హ్యాండిల్‌ను ఒక చివరిదాకా తిప్పి, టార్చి వేసి, కిందకు వంగి చూడమన్నాడు. హ్యాండిల్ అంతకు మించి తిరగకుండా ఆపడానికి ఛాసిస్ మీద బొటనవేలి కొస అంత లోహపు బొడిపె ఉంటుంది. దాన్ని స్టాపర్ అంటారు. కుడి వైపు బొడిపె చదరంగా, అంచులు పదునుగా ఉంది. ఎడమ వైపుది నలిగి, ఆకురాయితో అరగదీసి, పైన నల్ల రంగు పూసి ఉంది. గోటితో గీకితే రంగు పొర లేచి కింద తెల్లటి గీతలు కనిపించాయి. "ఇది పార్కింగులో పడితే అయ్యేది కాదు, చక్రం దేన్నో గుద్దితే హ్యాండిల్ విసురుగా తిరిగి ఇలా నలుగుతుంది" అన్నాడాయన. తర్వాత ముందు చక్రం నేలకు తగలకుండా బండిని లేపి, హ్యాండిల్‌ను ఒక వేలితో ఇటూ అటూ కదిపించాడు. సరిగ్గా మధ్యలోకి రాగానే టక్కుమని ఒక గాడిలో పడినట్టు ఆగుతోంది. కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయిందన్నమాట. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల గొట్టాలు విప్పి అద్దం మీద దొర్లిస్తే ఒక గొట్టం ఎగిరెగిరి దొర్లింది. సన్నటి వంపు, కంటికి ఆనదు.

నేకెడ్ బైకులో ఉన్న తిరకాసు ఇదే. తొడుగు ఉన్న బండి పడితే ముందు ప్లాస్టిక్ పగులుతుంది, పగులు కనిపిస్తుంది, మనం అడుగుతాం. వీటిలో దెబ్బ నేరుగా హ్యాండిల్‌కు, రేడియేటరుకు, ఫోర్కులకు తగులుతుంది. హ్యాండిల్ బారు, లివర్లు, అద్దాలు, ఇండికేటర్లు మార్చడం పెద్ద ఖర్చు కాదు. అవి కొత్తవి వేసి, కడిగి, పాలిష్ కొడితే బండి షోరూములోంచి వచ్చినట్టే ఉంటుంది. అందుకే అన్నీ పాతబడిన బండి మీద కొత్త లివర్లు, కొత్త హ్యాండిల్ కనిపిస్తే మురిసిపోవద్దు, ఎందుకు మార్చారో అడగండి. రేడియేటరు రెక్కలు ఒక పక్క నలిగి ఉన్నాయా, ఇంజను పక్క మూతల మీద గీతలు ఉన్నాయా, ఫోర్కుల మీద నూనె తడి ఉందా, పగటి వెలుగులో వంగి చూడండి. ఛాసిస్ నంబరు హ్యాండిల్ మెడ దగ్గరే చెక్కి ఉంటుంది. దాని చుట్టూ రంగు తేడాగా ఉంటే అక్కడితో ఆ బేరం ఆపేయండి.

మీటరును నమ్మకండి. డిజిటల్ మీటర్లలో అంకె తగ్గించడం కష్టమని చాలామంది అనుకుంటారు, కానీ పరికరం పెట్టి వెనక్కి తిప్పేవాళ్లూ ఉన్నారు, మీటరే మార్చేసేవాళ్లూ ఉన్నారు. మా బండిలో పదకొండు వేలు అని ఉంది, ముందు డిస్కు బ్రేకు ప్లేటు అంచున వేలు పెడితే గోరు పట్టేంత గట్టు తేలి ఉంది. డిస్కు ప్లేటు మీదే కనీస మందం ఎంతో మిల్లీమీటర్లలో ముద్రించి ఉంటుంది, కొలిస్తే మాది దానికి దగ్గర పడింది. పదకొండు వేలకు అంత అరుగుదల రాదు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఇవన్నీ కలిపి చూస్తే బండి అసలు వయసు బయటపడుతుంది. అన్నిటికన్నా మంచిది, కంపెనీ సర్వీస్ సెంటరుకు ఛాసిస్ నంబరు ఇచ్చి చివరి సర్వీసు ఎన్ని కిలోమీటర్ల దగ్గర జరిగిందో కనుక్కోవడం. మేము తర్వాత కనుక్కుంటే, మాకు అమ్మడానికి ఏడాది ముందే ఆ బండి ఇరవై వేలు దాటింది.

బీమా కాగితం మరో సాక్షి. పాలసీలో నో క్లెయిమ్ బోనస్ అని ఒక గడి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20 శాతం నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకు పడుతుంది. నాలుగైదేళ్ల బండి, ఒకే యజమాని, బోనస్ సున్నా అంటే క్లెయిమ్ జరిగిందా, లేక మధ్యలో బీమా ఆగిపోయిందా అని అడిగి, రుజువు చూపించమనండి. మా బండి పాలసీ జిరాక్సులో ఆ గడి ఉన్న పేజీయే ఇవ్వలేదు.

ఇక కాగితాల సంగతి, మమ్మల్ని రెండోసారి ముంచింది ఇవే. ఆర్సీలో బ్యాంకు పేరు మీద హైపోతికేషన్, అంటే అప్పుకు బండిని తాకట్టు పెట్టినట్టు నమోదు, ఉంది. "అప్పు తీరిపోయింది సార్, బ్యాంకు లెటరు వారంలో వస్తుంది" అన్నారు. రాలేదు. బ్యాంకు నిరభ్యంతర పత్రం, ఫారం 35 లేకుండా ఆ పేరు తొలగదు. బ్యాంకు సమ్మతి లేకుండా బండి మీ పేరుకు మారదు. పైగా పక్క రాష్ట్రం బండి. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం రావాలి, యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారాలు కావాలి, ఇక్కడ బండి వయసును బట్టి జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. పక్క రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడ తిప్పితే కొత్త నంబరు తీసుకోవాల్సిందే. ఈ పన్ను సంగతి చెప్పకుండానే "బెంగళూరు బండి, ఇక్కడికన్నా ముప్పై వేలు తక్కువ" అని ఊరిస్తారు. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే హైపోతికేషన్, బీమా గడువు అక్కడికక్కడే కనిపిస్తాయి. చలాన్లు కూడా చూసుకోండి. బెంగళూరు సిగ్నళ్ల కెమెరాలు పట్టిన జరిమానాలు బండితోపాటే మీ ఇంటికి వస్తాయి. బీమాను మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. లేకపోతే ఎదుటివారికి జరిగిన నష్టం సంగతి ఎలా ఉన్నా, మీ బండి మరమ్మతుకు రూపాయి రాదు.

పాత వాహనాలు కొని అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ తీసుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. యజమాని బండిని డీలరుకు అప్పగించిన సంగతి కూడా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. డీలరును ఆ ఆథరైజేషన్ పత్రం చూపించమని అడగండి. మేము అడిగితే "ఇక్కడెవరికీ అవి లేవు" అన్నారు. అలా అన్నచోట అడ్వాన్సు ఇవ్వకండి.

కొనేరోజు గురించి ఒక్క మాట. ఉదయాన్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చేయి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజను మొదటిసారి అంటుకునేటప్పుడు చేసే చప్పుడు మెకానిక్‌కు చాలా చెబుతుంది. ఊర్లో చుట్టుతో సరిపెట్టుకోకుండా హైవే దాకా నడిపిస్తేనే కొంటానని చెప్పండి. పూర్తి హెల్మెట్, చేతి తొడుగులతో వెళ్లండి. ఈ స్టాపర్, కోన్‌సెట్ పరీక్షలు అయ్యాకే హైవే ఎక్కండి, వేగం మెల్లగా పెంచండి, ఏ మాత్రం వణికినా తిరిగి వచ్చేయండి.

బండి నిఖార్సైనదైనా ఇక్కడి ఎండలో దీనితో బతకడం ఎలా ఉంటుందో కూడా అమ్మేవాడు చెప్పడు. కర్నూలులో ఇలాంటి బండి ఉన్న నా మిత్రుడు మే నెలలో పొద్దెక్కితే దాన్ని బయటికి తీయడు. సిగ్నల్ దగ్గర రేడియేటరు ఫ్యాను తిరిగిందంటే వేడి గాలి నేరుగా తొడల మీదికి వస్తుంది. ముందు అద్దం లేదు కాబట్టి ఎనభైలో గాలి ఛాతీని నెడుతూనే ఉంటుంది, గంట ప్రయాణానికే మెడ పట్టేస్తుంది. వెనక సీటు పేరుకే. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్‌లో ఈ బండి ఇచ్చే ఆనందం వేరు, అదే ఘాట్‌లో ముందు ఫోర్కు వంగిన బండి ఏం చేస్తుందో ఊహించుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పటికే ఇలా మోసపోయినవారు ఉంటే, బండిని రిపేరు చేయించకముందే స్టాపర్, ఫోర్కులు, డిస్కు, మీటరు ఫొటోలు తేదీతో సహా తీసుకోండి. మెకానిక్ చేత లిఖితపూర్వకంగా నివేదిక రాయించండి. చేతికి నగదు ఇచ్చి ఉంటే, బేరం మాట్లాడుకున్న ఫోను సందేశాలు చెరపకండి, మా దగ్గర ఇప్పుడు నిలబడుతున్నవి అవే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది, కొన్న ధర ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. పైన చెప్పిన గుర్తులున్న బండిని ఈమధ్య ఎవరైనా చూసినా, అడ్వాన్సు ఇచ్చినా, దయచేసి ఈ పోస్టు కింద రాయండి. బెంగళూరు మెకానిక్ ఇచ్చిన నివేదిక కాపీ వెంటనే పంపిస్తాను.